నీళ్ళిచ్చారా?

మా బాబాయికి ఇంటర్వ్యూల పిచ్చి. అలాగని ఆయనకి ఉద్యోగం లేక కాదు. ఉంది, నిక్షేపంలాంటిది. ఒక బీమా కంపెనీలో, ఈ కాలం వాళ్ళెవరికీ అర్థం కాని ఓ పాత సాఫ్ట్‌వేర్‌ని ముసలి ఆవుని సాకినట్టు ఏళ్ళ తరబడి ఆయనొక్కడే సాకుతున్నాడు. దాన్ని వదిలి వెళ్ళే ఉద్దేశం ఆయనకి ఏ కోశానా లేదు. అయినా సరే, జనం సెలవు పెట్టి ఊళ్ళు చూడటానికి వెళ్తే, ఈయన సెలవు పెట్టి ఇంటర్వ్యూకి వెళ్తాడు. వెళ్తాడు, కూర్చుంటాడు, అడిగినవాటికి చెప్తాడు, సెలెక్టవుతాడు, వద్దంటాడు. వెర్రి వెయ్యి విధాలన్నారు. మిగతా విధాలన్నీ ఎవరెవరి ఇళ్ళకి వెళ్ళాయో తెలీదు గానీ, ఇది మాత్రం సరాసరి మా ఇంటికే వచ్చింది.

ఇంటర్వ్యూలకని ఆయనకో లేత నీలం చొక్కా ఉంది. దాన్ని పెళ్ళిళ్ళకి వేసుకోడు, ఫొటోలకి వేసుకోడు. పొద్దున్నే పిన్ని చేతికి ఆ చొక్కా వచ్చిందంటే, ఆ రోజు ఎక్కడో ఓ కంపెనీకి మూడిందన్నమాట.

“ఇస్త్రీ పెట్టె వేడెక్కిందా?” అనేవాడు బాబాయి గడ్డం గీసుకుంటూ.

“దానికంటే ముందు నేను వేడెక్కాను. ఉన్న ఉద్యోగానికి నలిగిన చొక్కాతో వెళ్తారు. చెయ్యని ఉద్యోగానికి ఇస్త్రీ కావలసి వచ్చిందా?”

“ఉన్నచోట నన్నెవరు చూస్తారే? అందరూ చూసేసినవాళ్ళే.”

పిన్ని గొణుక్కుంటూనే కాలరు రెండోసారి తిప్పి రుద్దేది. చదువుకునే రోజుల నుంచీ నేను వాళ్ళింట్లోనే పై గదిలో ఉంటున్నాను కాబట్టి, ఈ సంభాషణ నాకు పాఠం అప్పజెప్పినంత బాగా వచ్చు.

సాయంత్రం తిరిగొచ్చాక అసలు వేడుక. చేతులు కడుక్కుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాడు. మేమిద్దరం ఎదురుగా కూర్చోవాలి.

“జీతం ఎంతన్నారు?” అంటుంది పిన్ని.

“నీళ్ళివ్వలేదు.”

“పోనీ, పనేమిటి?”

“నీళ్ళివ్వలేదంటుంటే!”

లోకంలో ఎన్ని కంపెనీలున్నా బాబాయి లెక్కలో నాలుగే రకాలు. నీళ్ళివ్వనివి. అడిగితే ఇచ్చేవి. సీసా ఇచ్చి, దాని మూత మాత్రం పహిల్వాన్లు తప్ప ఎవరూ తియ్యలేనంత బిగించి ఇచ్చేవి. ఆఖరిది, గ్లాసులో పోసి ఇచ్చేవి. ఈ చివరి రకం తారసపడిన రోజున ఇంటికి మిఠాయి తెచ్చేవాడు. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో, షేరు ధర ఎంతో ఆయనకి అక్కర్లేదు.

“నీళ్ళలో ఏముంది బాబాయ్?” అని అడిగాను ఒకసారి.

“చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు కదా. ఇంటర్వ్యూలో అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అమ్మడూ. ఎంత లోకువో కనుక్కోవాలంటే ప్రశ్నలు చూడకు. బల్ల మీద నీళ్ళున్నాయా లేవా చూడు.”

ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి ఆయన పెట్టే పేర్లు మా ఇంట్లో బంధువుల పేర్లకంటే బాగా తెలుసు. ఏం చెప్పినా తలూపి, చివరికి ఏమీ వినలేదని తేలినాయన గంగిరెద్దు. ల్యాప్‌టాప్ వెనక మొహం దాచుకుని, పైకి నుదురు మాత్రమే కనిపించినావిడ చంద్రోదయం. తను అడిగిన ప్రశ్నకి తనే జవాబు చెప్పి, “కరెక్టుగా చెప్పారు” అని మెచ్చుకున్నాయన స్వయంపాకం. ఒక కంపెనీలోనైతే ఇంటర్వ్యూ అయ్యాక సెక్యూరిటీ గార్డు బాబాయిని గేటు దాకా వెంటబెట్టుకుని వచ్చాడట. “ఎంత మర్యాదో చూడు, రోడ్డు మీదికి దింపి మరీ వెళ్ళాడు” అని బాబాయి తెగ మురిసిపోయాడు. మాకు అనుమానం వచ్చింది గానీ ఆయన మురిపెం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నాం.

వీడియో ఇంటర్వ్యూలొచ్చాక ఆయన ఉత్సాహం రెట్టింపైంది. పైన నీలం చొక్కా, కింద మోకాలి దగ్గర చిరిగిన పైజామా. ఒకసారి అవతలి కుర్రాడు, “సార్, గదిలో ఇంకెవరూ లేరని ఒక్కసారి లేచి కెమెరా తిప్పి చూపిస్తారా?” అన్నాడు. బాబాయి నిజాయితీపరుడు. లేచాడు, తిప్పాడు. పైజామా కనిపించింది, తలుపు వెనక నవ్వాపుకోలేక నేలమీద కూర్చుండిపోయిన నేనూ కనిపించాను. అయినా సెలెక్టయ్యాడు. అక్కడ మాత్రం, “ఆ కుర్రాడు ఇక నన్ను గౌరవించలేడు, పాపం వాణ్ణి ఎందుకు ఇబ్బంది పెట్టడం” అని వద్దన్నాడు.

వద్దనడం కూడా ఒక కళే. ఉద్యోగం ఇస్తామని ఫోన్ చేసిన అమ్మాయిని ముందు మొన్నటి జలుబు తగ్గిందా అని అడుగుతాడు. తరవాత తను ఎందుకు రాలేడో ఓ పావుగంట చెప్తాడు. ఆ అమ్మాయిలు బంగారంలాంటి జీతం పోగొట్టుకుంటున్న ఈ మనిషి మీద జాలిపడి, తరవాత తరవాత వాళ్ళ పిల్లల చదువుల గురించి కూడా ఆయన్నే సలహా అడిగేవాళ్ళు.

“ఇంతకీ ఎందుకెళ్తావు బాబాయ్?” అంటే ఎప్పుడూ ఒకటే జవాబు.

“ఆఖర్లో ‘మమ్మల్నేమైనా అడగాలా?’ అంటారు చూడు, దానికోసం.”

“ఏమడుగుతావు?”

“ఏదో... ఊరికే,” అని లేచి వెళ్ళిపోయేవాడు.

సరే, ఆయన సంగతి అలా ఉంటే నా సంగతి సరిగ్గా తిరగేసి. ఆయనకి ఉద్యోగం అక్కర్లేదు, ఇంటర్వ్యూ కావాలి. నాకు ఉద్యోగం కావాలి, ఇంటర్వ్యూ అంటే ప్రాణం మీదికొస్తుంది. ఎనిమిదేళ్ళు ఒక చిన్న కంపెనీలో, దుకాణాల్లో జనం ఫోనుతో డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ రాశాను. ఆ పనంటే నాకు ఇష్టం. రాత్రి పడుకున్నా దాని గురించే ఆలోచించేంత ఇష్టం. ఆ కంపెనీ మూతపడింది. పని వచ్చు, చెప్పడం రాదు. ఆ గదిలోకి వెళ్ళి కూర్చోగానే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. మొదటి పది నిమిషాలు దాటితే ఫరవాలేదు గానీ, ఆ పది నిమిషాల్లోనే వాళ్ళు నన్ను తేల్చేస్తారు. ఒకచోట మీ పేరేమిటంటే “ఒక్క నిమిషం” అన్నాను.

అలా వరసగా అయిదు ఇంటర్వ్యూలు పోయాయి. మా అక్క పిల్లల బట్టల కొట్టు నడుపుతోంది. “ఎందుకే ఈ తిప్పలు, వచ్చి కొట్లో కూర్చో” అని చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. సరిగ్గా అప్పుడే ఒక ఫిన్‌టెక్ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. బ్యాంకుకీ జనానికీ మధ్య నిలబడి ఫోన్లో డబ్బు చేరవేసే కంపెనీ. సీనియర్ ఇంజనీరు పోస్టు. ఒకటే ఖాళీ. నేను ఎనిమిదేళ్ళు చేసిన పనే, ఇంకా పెద్ద ఎత్తున. ఇది కూడా పోతే ఈ పనికి దండం పెట్టి కొట్లో కూర్చుంటానని అక్కకి మాటిచ్చేశాను. ఇంటర్వ్యూ గురువారం.

సోమవారం సాయంత్రం బాల్కనీలో తీగ మీద నీలం చొక్కా ఆరుతోంది.

“ఈసారి ఎక్కడికి పిన్నీ?” అన్నాను మామూలుగా.

పిన్ని నా మొహం చూడకుండా గుడ్డలు మడతపెట్టడం మొదలుపెట్టింది. “ఏదో... డబ్బులు పంపే కంపెనీట.”

నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

“ఉన్నది ఒకటే పోస్టు బాబాయ్!”

“తెలుసు.”

“నీకు అక్కర్లేదుగా!”

“అక్కర్లేదు.”

“మరి?”

తేలు కుట్టిన దొంగలా చూశాడు. “వెళ్ళకుండా ఉండలేకపోయానే.”

“సెలెక్టయ్యావా?”

పేపరు కొంచెం పైకి లేచింది. “రెండో రౌండుకి రమ్మన్నారు.”

ఏడుపొకటే తక్కువ. “సరే. ఏమడిగారో అదన్నా చెప్పు.”

“అమ్మో, అది చెప్పకూడదు. తప్పు.”

“నా నోటి దగ్గర ముద్ద లాక్కోవడం తప్పు కాదు, ప్రశ్న చెప్పడం తప్పయిందా? పోనీ నీళ్ళిచ్చారా?” అన్నాను వెటకారంగా.

ఆయన వెటకారాన్ని పట్టించుకోలేదు. “ఇవ్వలేదు. అడిగినాయన పేరు స్టాప్‌వాచ్. ప్రశ్న అడగ్గానే ఫోన్లో టైమరు పెట్టి మన మొహానికేసి తిప్పుతాడు.” పేపరు తిప్పుతూ, “గురువారానికి ఇస్తారేమోలే” అన్నాడు.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన నా గుమ్మం ముందు నుంచి అటూ ఇటూ తిరిగాడు, దగ్గాడు, తలుపుకి నూనె వేసే మిషతో రెండుసార్లు లోపలికొచ్చాడు. నేను కరగలేదు.

గురువారం ఆ గదిలోకి అడుగుపెట్టాను. గాజు గోడలు, తెల్ల బోర్డు, బోర్డు కింద ఎండిపోయిన మార్కర్లు. నా కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంది. బల్ల మీద గ్లాసు నిండా నీళ్ళు, దానిమీద మూతలా ఓ చిన్న సాసరు. నేను ఆ గ్లాసుకేసి చూస్తూండగానే స్టాప్‌వాచ్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, నిద్ర చాలని కళ్ళు. ఫోన్ తీశాడు. అయిపోయాననుకున్నాను. దాన్ని జేబులో వేసుకుని కూర్చున్నాడు.

“ముందు నీళ్ళు తాగండి. మొదటి పది నిమిషాలకి మార్కుల్లేవు. మీరు ఇప్పటిదాకా చేసినవాటిలో మీకు నచ్చిన పని ఒకటి చెప్పండి.”

తాగాను. నాలుక ఊడి వచ్చింది. ఓ దుకాణంలో నెట్‌వర్కు బాగాలేక ఒకాయన సబ్బు కొని రెండుసార్లు డబ్బు కట్టిన కథ చెప్పాను. అది ఎలా పట్టుకున్నానో, ఎలా సరిచేశానో చెప్తుంటే నాకే హుషారొచ్చి లేచి బోర్డు దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన తన జేబులోంచి రాసే మార్కర్ తీసిచ్చాడు.

“సరే, ఇది చెప్పండి. ఒకావిడ ఫోన్లో డబ్బు పంపింది. మనం బ్యాంకుకి చెప్పాం. బ్యాంకు ఉలకదు పలకదు. డబ్బు వెళ్ళిందో లేదో మనకి తెలీదు. ఆవిడ తెరకేసి చూస్తూ నిలబడింది. ఏం చేస్తారు?”

“ఫెయిలైందని మాత్రం చెప్పనండి. చెప్తే ఆవిడ మళ్ళీ పంపుతుంది, రెండూ వెళ్ళిపోతాయి. ఆవిడ మొదటిసారి నొక్కినప్పుడే ఆ పంపకానికి ఒక నెంబరు ఇస్తాను. తరవాత ఎన్నిసార్లు నొక్కినా అదే నెంబరు కాబట్టి, డబ్బు వెళ్ళేది ఒక్కసారే. బ్యాంకుని మళ్ళీ అడిగినా అదే నెంబరుతో అడుగుతాను.”

“బ్యాంకు ఎంతకీ చెప్పకపోతే?”

ఇక్కడ ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. తన గ్లాసు తీసుకుని తాపీగా తాగాడు. నేనూ తాగాను.

“బ్యాంకు రోజు చివర పంపే లెక్కతో సరిచూస్తామండి. అప్పటిదాకా ఆవిడకి నిజమే చెప్తాం. ఇంకా తెలీలేదు, కనుక్కుంటున్నాం, మళ్ళీ పంపకండి అని.”

“తెలీలేదంటే మన మీద నమ్మకం పోదూ?”

“తెలీకుండా తెలుసంటే పోతుందండి.”

ఆయన నవ్వాడు. ఆ తరవాత చాలాసేపు వాదించుకున్నాం. ఒకచోట నేను తప్పు, ఒకచోట ఆయన తప్పు. ఇంటర్వ్యూలో ఉన్న సంగతే మరిచిపోయాను.

చివర్లో, “మమ్మల్నేమైనా అడగాలా?” అన్నాడు.

ఉండబట్టలేక, “ఇక్కడ నీళ్ళివ్వరని విన్నానండి” అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “సోమవారం దాకా ఇచ్చేవాళ్ళం కాదు. ఆ రోజు నీలం చొక్కాతో ఒక పెద్దాయన వచ్చారు. అన్నీ బాగా చెప్పారు. ఆఖర్న ఏమైనా అడగాలా అంటే, జీతం గురించో సెలవుల గురించో అడుగుతారనుకున్నాను. ‘బాబూ, ఒక్కసారి ఈ కుర్చీలోకి వస్తారా?’ అన్నారు. వెళ్ళి కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ కళ్ళలో పొడిచింది. ఆయన నా టైమరు నా మొహానికే తిప్పి పెట్టి, ‘మీరు రాసిన సాఫ్ట్‌వేర్ గురించి రెండు ముక్కలు చెప్పండి’ అన్నారు. నేను రాసిందే! ఒక్క ముక్క రాలేదు. గొంతెండిపోయింది. ఆయనే లేచి వెళ్ళి ఎక్కడి నుంచో గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చి, ‘మొదటి పది నిమిషాలు ఎవరికైనా ఇంతే నాయనా’ అన్నారు. ఆ సాయంత్రమే కుర్చీ తిప్పించాను. రెండో రౌండుకి రమ్మంటే ఆ మర్నాడే ఫోన్ చేసి, ‘నాకొద్దు, తరవాత వచ్చేవాళ్ళని బాగా చూడండి’ అన్నారు.”

దాచడం మంచిది కాదనిపించి, “ఆయన మా బాబాయండి” అన్నాను.

“మీ గురించి ఒక్క మాట కూడా చెప్పలేదే!”

“చెప్పడండి. తప్పంటాడు.”

“అయితే రెండో రౌండు నేను చెయ్యను. ఆయన్ని చూడని మనిషి చేత చేయిస్తాను” అన్నాడాయన. ఆ రెండో మనిషి కూడా ముందు నీళ్ళే ఇచ్చింది.

ఇంటికొచ్చేసరికి బాబాయి గుమ్మంలోనే ఉన్నాడు. నూనె డబ్బా చేతిలో ఉంది గానీ తలుపులన్నీ ఎప్పుడో మెత్తబడిపోయాయి.

“నీళ్ళిచ్చారా?”

“గ్లాసులో పోసి. పైన సాసరు పెట్టి.”

“సాసరు కూడానా!” మొహం ఇంత చేసుకున్నాడు. “అది నేను చెప్పలేదే” అని, వెంటనే నాలిక కరుచుకుని లోపలికి పారిపోయాడు.

పిన్ని నా పక్కన కూర్చుంది. “చదువవ్వగానే నీ మొదటి ఇంటర్వ్యూ గుర్తుందా? ఏడుస్తూ వచ్చి అన్నం తినకుండా పడుకున్నావు. ఆ వారమే ఈయన ఆ నీలం చొక్కా కొన్నాడు. తరవాత నువ్వు ఏ కంపెనీ పేరెత్తినా ముందు ఈయన వెళ్ళొచ్చేవాడు. నీకోసం మొదలుపెట్టాడు గానీ, ఆ రుచి మరిగాక ఊళ్ళో పిల్లలందరి కోసం తిరగడం అలవాటైంది.”

“మరి మొన్న పోయిన ఆ అయిదింటికీ?”

“వెళ్ళాడు. అందరూ వింటారా? కొందరు నవ్వారు. ఒకాయనైతే, తనని కుర్చీలోంచి లేవమన్నందుకు సెక్యూరిటీని పిలిచాడు.”

గేటు దాకా దింపిన ఆ మర్యాద ఏమిటో అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్ళి, పేపరు లాగేసి, బాబాయిని గట్టిగా వాటేసుకున్నాను. “చొక్కా నలుగుతుందే” అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్నది బనియను.

ఉద్యోగం వచ్చింది. చేరాను. అక్క తన కొట్లోకి ఇంకెవరినో చూసుకుంది. కొన్నాళ్ళకి స్టాప్‌వాచ్ నన్ను పిలిచి, “మీ బాబాయిగారు మాకు కావాలి. నెలకోసారి వచ్చి ఉత్తుత్తి ఇంటర్వ్యూకి కూర్చుంటే చాలు. ఎలా అడగాలో మా వాళ్ళు నేర్చుకుంటారు. ఊరికే కాదు, జీతమిస్తాం” అన్నాడు.

పరుగున ఇంటికొచ్చి చెప్పాను. బాబాయి పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

“అంటే ఇదో ఉద్యోగమన్నమాట.”

“అవును బాబాయ్! సరిగ్గా నీకోసమే పుట్టిన ఉద్యోగం!”

“మరి దీనికి ఇంటర్వ్యూ ఎప్పుడు?”

పిన్ని నిట్టూర్చి ఇస్త్రీ పెట్టె తీసింది. ఆయన నీలం చొక్కా వేసుకుని వెళ్ళాడు, కూర్చున్నాడు, అడిగినవాటికి చెప్పాడు, సెలెక్టయ్యాడు, వద్దన్నాడు. జీతం తీసుకుంటే బీమా కంపెనీ వాళ్ళు నొచ్చుకుంటారట, నెలనెలా ఊరికే వస్తానన్నాడట.

సాయంత్రం ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఈసారి పిన్ని జీతం ఊసెత్తలేదు.

“నీళ్ళిచ్చారా?” అంది.

“ఇచ్చారు. నేను తాగలేదు,” అన్నాడు బాబాయి. “నన్ను అడగడానికి ఓ కొత్త పిల్లని కూర్చోబెట్టారు. పాపం, దానికి చేతులు వణికిపోతున్నాయి. నా గ్లాసు దానికే ఇచ్చేశాను.”